కరెంటుకూ నీళ్లకూ ఒక చీర

అమ్మకు సుమన దండాలు. గద్వాలలో మేం ముగ్గురం బాగానే ఉన్నాం. లింగాలలో నువ్వూ, అన్నా వదినా అలాగే ఉన్నారనుకుంటాను. ఫోన్‌లో అరిస్తే వాడంతటికీ వినపడుతుంది, నీకు తప్ప. అందుకే ఈ ఉత్తరం.

అడిగినవాటికి జవాబులు రాస్తున్నాను. మా ఆయన నడుం నొప్పి కాస్త తగ్గింది. రోజా పదో తరగతి బాగా చదువుతోంది. వంటలో మాత్రం అమ్మమ్మ పోలికే, చేతికి ఉప్పు ఎక్కువ. ఇంటి గొడవ ఏమైందన్నావు. దాని గురించి రాయడానికే చెయ్యి రావడం లేదు.

ఇల్లుగలామె సుభద్రమ్మ పోయి మూడు నెలలైంది కదా. పోయిన వారం ఆమె కొడుకు శ్రవణ్ కుమార్ కిరాయి కాగితం పట్టుకుని మళ్లీ వచ్చాడు.

"అక్కా, దీంట్ల కిరాయి ఒక్కటే రాసున్నది. కరెంటు, నీళ్లు లేవు. వచ్చే నెల సంది అవి మీరే కట్టుకోవాలె. కాదంటే ఖాళీ చెయ్యుండ్రి."

ఖాళీ చేయడమంటే మాటలా? మనది నేల తవ్వి దించిన గుంట మగ్గం. కొత్త ఇంట్లో గుంట తవ్వుకోమని ఎవరంటారు? నా నోరు నీకు తెలుసు కదా, వాడంతా బయటికొచ్చేలా అరిచాను.

"పదేండ్ల సంది ఎవలన్న అడిగిండ్రా? మా అమ్మ, మీ అమ్మ మాట అనుకున్నరు. కరెంటుకు, నీళ్లకు బదులు ఏటా ఉగాదికి ఒక పట్టంచు చీర. నీకు తెల్వదా? చీరలు తీసుకున్నప్పుడు ఈ కాగితం యాదికి రాలేదా?"

నువ్వు చెప్పమన్నట్టే చెప్పాను. పక్కింటి పుష్పమ్మ కూడా నా పక్షమే మాట్లాడింది.

శ్రవణ్ కోపం తెచ్చుకోలేదు. తెచ్చుకున్నా బాగుండేది.

"నిజమే అక్కా, అమ్మ నాకు గూడ చెప్పింది. మరి పోయిన ఉగాది చీరేది? మంచం మీదికెల్లి రోజూ అడిగేది. సుమన తెస్తది, మగ్గం మీద ఉన్నదట అనేది. ఆఖరికి బజార్ల కొన్న చీర కప్పి సాగనంపినం."

పుష్పమ్మ నా వైపు చూసి, తల దించుకుని లోపలికి వెళ్లిపోయింది. కరెంటు, నీళ్ల ఖర్చు మాదేనని అతను రాసుకొచ్చిన కొత్త కాగితం మీద సంతకం పెట్టాను. ఉగాదికి చీర ఇస్తానన్నాను. "వద్దక్కా" అన్నాడు. ఇల్లు నిలిచింది, మగ్గం నిలిచింది. అయినా నాకు సంతోషం లేదు.

నీ ఉత్తరంలో ఇంకో మాట కూడా అడిగావు. చివరిసారి సుభద్రమ్మకు ఏ రంగు చీర ఇచ్చావని.

ఇవ్వలేదమ్మా. మన సొంత నూలుతో ఆమె కోసమే నేశాను. మనకు నేత పని ఇచ్చే షావుకారు చూసి మంచి ధర చెప్పాడు. మంచం దిగలేని మనిషికి పట్టంచు ఎందుకు, తర్వాత ఇంకొకటి నేసిద్దాంలే అనుకున్నాను. మా ఆయన వద్దన్నా వినకుండా అమ్మేశాను. ఆ తర్వాత షావుకారు పనితోనే సరిపోయింది, ఆమె చీర మగ్గం ఎక్కనే లేదు.

ఆమె మంచం మన మగ్గం గోడకు అవతలే కదా. చప్పుడు విని గోడ తట్టేది. "బిడ్డా, గిది నా చీరేనా?" అనేది. "నీదే పెద్దమ్మా" అనేదాన్ని, షావుకారు చీర నేస్తూ. "పైలంగ నెయ్యి, నాకేం తొందర లేదు" అనేది.

ఏడుపు ఆగడం లేదమ్మా. లింగాలకు వెళ్లేదాకా నువ్వు నిలబెట్టిన మాటను నేను అమ్ముకున్నాను. తిడితే తిట్టు, కానీ జవాబు రాయకుండా ఉండకు.

రంగు అడిగావు కనుక చెబుతున్నాను. చిలకపచ్చ, ఎర్రంచు. ఆమె నోరు తెరిచి అడిగిన రంగే.

ఇట్లు,
మాట దక్కించుకోలేని నీ బిడ్డ
సుమన