ఆపా, అది తిండి వల్ల కాదట

ఆపా,

కిడ్నీలు చెడి నువ్వు పోయి నేటికి ఏడాది. ఈ రోజే నీ కూతురు నాజియాను వరంగల్‌లో డాక్టరుకు చూపించాను. నీలాగే దానికీ చిన్న వయసులోనే బీపీ, ఆ వెంటే షుగర్ వచ్చాయి.

పరీక్షలు చూసి డాక్టరమ్మ చెప్పింది: "కిడ్నీ మీదుండే గ్రంథిల ఒక హార్మోన్ ఎక్కువ తయారైతాంది. బీపీ దానివల్లనే. అదే ఒంట్ల పొటాషియం తగ్గించి, ఇన్సులిన్‌ను సరిగ్గ రానిస్తలేదు. ఉత్త తిండితోని వచ్చిన షుగర్ కాదిది."

రంజాన్‌లో ఉపవాసం విడిచేటప్పుడు నువ్వు ఖర్జూరం కూడా ముట్టేదానివి కాదు. అయినా షుగర్ దిగకపోతే, "చాటుగ తింటాంది" అని మీ అత్త వాకిట్లో అందరికీ చెప్పేది. నువ్వు తలవంచుకొని జొన్నరొట్టె తుంచుకునేదానివి.

"మా అక్కకు గూడ ఇదేనా మేడం?" అని అడిగాను.

"అయ్యుండొచ్చు. ఇప్పుడెట్ల తెలుస్తది?" అంది.

నాజియాకు మందు రాసింది. బీపీ, షుగర్ కొంత తగ్గొచ్చు గానీ, దాని కిడ్నీలు కూడా ఇప్పటికే దెబ్బతిన్నాయని, అవి బాగుపడవని అంది.

ఇంటికొస్తూ మరిపెడ బస్సులో నాజియా, "ఖాలా, నేను గూడ అమ్మీ లెక్కనే పోతనా?" అంది.

మందు చీటీ విప్పి, అది ఏ పూట వేసుకోవాలో దానికి చదివి చెప్పాను. బస్సు దిగి, ముందు ఆ మందు కొని, ఇద్దరం ఇంటికొచ్చాం, ఆపా.