పురిటి గదిలో కుంపటి

నవంబరు 29
పురిటి గది పని మొదలుపెట్టాను. మా పావనికి మొదటి కాన్పు, నాకు మొదటి మనవడో మనవరాలో... ఎవరైనా సరే, ఈ చలికి ఒక్క తుమ్ము తుమ్మకూడదు. విశాఖలో చలేమిటని నవ్వేవాళ్లు తెల్లవారుజామున గాజువాకలో మా మేడెక్కి నిలబడాలి. అప్పుడు మాట్లాడదాం.

డిసెంబరు 2
కిటికీ సందులన్నిటికీ లప్పం పెట్టేశాను. రెక్కలకు రబ్బరు పట్టీ. తలుపు కింద పాతచీర చుట్ట. చలీ రాదు, ఫ్యాక్టరీల నల్లదుమ్మూ రాదు. ఈయన తొంగి చూసి — "సీమ కూడా దూరదేటే!" మెచ్చుకోలుగానే తీసుకున్నాను.

డిసెంబరు 3
బకెట్లో పెట్టే కరెంటు హీటరు తీసి పారేయించాను. గోడకు గీజరు పెట్టించాను. తడిచేత్తో ప్లగ్గు పీకే పిల్ల మా పావని.

డిసెంబరు 5
అల్లుడు శీను వచ్చాడు. ఉక్కు ఫ్యాక్టరీలో గ్యాసు సెక్షన్ ఉద్యోగం కదా, ప్రతిదీ అనుమానమే. గది చూసి ముచ్చటపడతాడనుకుంటే, మూలనున్న కుంపటి వైపు చూస్తాడు, కిటికీ వైపు చూస్తాడు. "అత్తా, బొగ్గులెలిగించినప్పుడు ఒక రెక్క తీసి ఉంచీ."
తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే. మా అమ్మ నన్ను కన్నప్పుడు పక్కన కుంపటే. నేను పావనిని కన్నప్పుడూ కుంపటే. కుంపటి లేని పురుడు మా వైపు ఎవరైనా విన్నారా? "నువ్వు నీ ఫ్యాక్టరీ సూసుకో బాబూ, పురిటి గది నాకొగ్గీ" అన్నాను. అతను నవ్వేసి ఊరుకున్నాడు. అత్తతో వాదించే రకం కాదు.

డిసెంబరు 9
నిన్న రాయలేదు. రాసే స్థితి లేదు.
గోడలకు కొత్తగా వేయించిన రంగు ఆరుతుందని నిన్న మధ్యాహ్నం కుంపటి వెలిగించి తలుపేశాను. పావని అక్కడే పడుకుంటానంది. రంగు వాసన, వద్దే అని పంపేసి నేనే నడుం వాల్చాను. ఎంత హాయో! వెచ్చగా, మెత్తగా... తర్వాత తలనొప్పి. లేద్దామంటే కాళ్లు నావి కావు. "ఏటే, పిలిత్తంటే పలకవు?" — ఈయన గొంతు ఎక్కడో దూరంగా. టీ కోసం వచ్చారట. ఎత్తుకొచ్చి వరండాలో పడేశారు, అక్కడ వాంతి.
ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. బొగ్గులనుంచి వచ్చే విషమట. కంటికి కనపడదు, ముక్కుకు తెలియదు. పావని ఆ మంచం మీద ఉండి ఉంటే... రాయలేను.

డిసెంబరు 11
రెండు రోజులుగా ఒకటే ఆలోచన. అమ్మకేం కాలేదు, నాకేం కాలేదు, ఇప్పుడెందుకు? ఇవాళ బియ్యం కడుగుతుంటే తట్టింది. అవి పెంకుటిళ్లు. పెంకుల సందుల్లోంచి గాలి వచ్చేది, పోయేది. ఇది స్లాబు గది. ఉన్న నాలుగు సందులూ నేనే మూశాను. నా వేలితో నా కన్నే పొడుచుకున్నాను.
స్క్రూడ్రైవరు తీసుకుని లప్పమంతా పెకలించాను. ఈయన చేస్తానన్నా ఇవ్వలేదు.

డిసెంబరు 12
ఇప్పుడు సరైన ఏర్పాటు. కుంపటి మేడ మీదే. గుడ్డలు అక్కడ వెచ్చచేసి కిందికి తేవాలి. గాలి తగలని వైపు కిటికీ కొంచెం తెరిచి ఉంచాలి. బిడ్డకు టోపీ, మేజోళ్లు, తల్లి గుండెల మీద పడక. శీనుకు ఫోన్ చేసి చెప్పాను. "సరే అత్తా" అన్నాడు, అంతే. నేనన్నాను కదా, వాదించే రకం కాదని.

డిసెంబరు 17
ఆడపిల్ల! పిడికిళ్లు బిగించుకుని పుట్టింది. నా పోలికే.

డిసెంబరు 21
తల్లీబిడ్డా ఇంటికి వచ్చారు. బిడ్డ పాదాలు ముట్టుకుంటే వెచ్చగా ఉన్నాయి. నిప్పు లేకుండానే. గర్వంగా ఉంది, ఎందుకు దాచుకోవాలి?

డిసెంబరు 22
తగరపువలస నుంచి వియ్యపురాలు దిగింది, కొత్త కుంపటితో సహా. వచ్చీ రాగానే వరండాలో బొగ్గులు రాజేసింది. "కుంపటి నేని పురుడేటి వదినా? మా గుంటకి సలేత్తే?" అంది, మనవరాలి గది వైపు చూస్తూ.
జరిగిందంతా చెప్పాను. ఆసుపత్రి సంగతీ చెప్పాను. "నీకు బీపీ వదినా, అందుకే పడిపోనావు" అని తేల్చేసింది.
పురిటి గది గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకున్నాను. ఇది అక్కడ కూర్చునే రాస్తున్నాను. లోపల ఇద్దరూ నిద్ర. ఆవిడ హాల్లో మొహం తిప్పుకుని కూర్చుంది. "రేపే నా కోడల్నీ, మనవరాల్నీ మా ఇంటికి అట్టుకుపోతాను. మా గుంటని నాను సూసుకుంటాను."
శీను డ్యూటీలో ఉన్నాడు, ఫోన్ ఎత్తడం లేదు. తల్లి మాట కాదనగలడా? అత్తకే ఎదురు చెప్పనివాడు...
నాకు కోపం రావడం లేదు. భయం వేస్తోంది. వాళ్లదీ స్లాబు ఇల్లే. గృహప్రవేశానికి వెళ్లినప్పుడు, కిటికీలు ఎంత గట్టిగా పడుతున్నాయో అని మెచ్చుకున్నది నేనే.