మానిపించిన మాత్రలు

ప్రొద్దుటూరు, 1961, శుక్రవారం రాత్రి

నా భార్య నాగమ్మను జమ్మలమడుగు ఆసుపత్రిలో ఉంచి, అక్కను తోడు పెట్టి, సాయంత్రం బస్సుకు వచ్చాను. ప్రాణానికి ఫరవాలేదన్నారు. ఒళ్ళంతా పులిసిపోయింది, నిద్ర మాత్రం రాదు.

ఉబ్బసానికి ఆమె ఆరు నెలలుగా ప్రెడ్నిసొలోన్ మాత్రలు మింగుతోంది. పోయిన ఆదివారం పులివెందుల నుంచి అక్క వచ్చి, "ఏమ్మే, బుగ్గలు పూరీల మాదిరి పొంగినాయి! మా తమ్ముడు నెయ్యి బాగా పోస్తాండాడే" అని నవ్వింది. నాకూ ఆ నిండు ముఖం ఆరోగ్యంగానే కనిపించింది. ఆయాసమూ లేదు. రోగం పోయిందని నేనే మాత్రలు మానిపించి, పత్యం విడిపించి, తలకు పోయించాను. ఈ ఉదయం వాంతులై, లేవలేక పడిపోయింది.

మాత్రలు రాసిచ్చిన డాక్టరే సూది వేసి, సెలైను పెట్టి, మండిపడ్డాడు.

"ముఖం నిండింది బలంతో కాదు, మందుతో. ఇన్ని నెలలు మింగినాక కొంచెం కొంచెంగా తగ్గించుకుంటా రావల్ల. ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికొస్తాది. ఎవరు మానమన్యారు?"

నేను నోరు తెరిచేలోపే నాగమ్మ, "నేనే సామీ, చేదుగా ఉండాయని మానేసినా" అంది. కూర్చునే ఓపిక లేని మనిషి ఆ తిట్లన్నీ పడింది. నేను కిటికీ వైపు చూస్తూ నిలబడ్డాను.

వచ్చేముందు, "నేనని చెప్పింటే పోయేది కదా" అన్నాను.

"తిట్లు పడేది నీకు అలవాటు లేదులే, పో" అంది.

రేపు మొదటి బస్సుకే పోతాను. డాక్టరు ముందు నోరు పెగులుతుందో లేదో...