రెండింటికి వచ్చే సినిమా

కిరణ్మయీ,

మోటారు వేసి ట్యాంకు నింపాను. కరెంటు పోతే ఒక్క ఫ్యానే ఉంచు, అప్పుడు ఇన్వర్టరు మీద టీవీ రెండు గంటలు లాగుతుంది. ఒంటిపూట బళ్ళేగా, పాఠాలు చెప్పి స్కూల్నించి రాగానే అన్నం తిని రెండింటికి టీవీ పెట్టు. నిన్న చెప్పానే, ఆ పాత ఇంగ్లీషు సినిమా మళ్ళీ వేస్తున్నారు. నలుపు తెలుపు. వాన, టోపీలు, గోడల మీద నీడలు, ఒక హత్య. మొదటి నుంచీ చూడు.

"మధ్యాహ్నం వచ్చే సినిమా మీరెప్పుడు చూశారండీ?" అన్నావు. ఆఫీసు క్యాంటీన్లో అన్నాను. మా క్యాంటీన్లో టీవీ లేదు. నన్ను సస్పెండ్ చేసి మూడు నెలలైంది. ఒక ఫైలు చదవకుండా సంతకం పెట్టాను. మా అక్కయ్య కొడుకు నిరంజన్ కోచింగుకి పోయాక, రోజూ లక్ష్మీనగర్లో వాడి గదిలో కూర్చుని ఈ సినిమాలే చూస్తున్నాను. వాణ్ణేమీ అనకు, నేనే ఒట్టు వేయించుకున్నాను.

ఇవాళ పదకొండింటికి ఎంక్వైరీ. మొబైల్ లోపలికి తీసుకెళ్ళనివ్వరు, ఫోన్ చేయకు. గడియారం చూస్తూ కూర్చోకు. సినిమా నాలుగింటికి అవుతుంది, ఆపాటికి వచ్చేస్తాను.

ఏ సినిమా అయినా పది నిమిషాల్లో హంతకుడెవరో చెప్పేసి నాకు మజా లేకుండా చేస్తావు. నన్ను మాత్రం ఇన్నాళ్ళూ ఏమైందని ఒక్క మాట అడగలేదు. సూటిగా అడిగుంటే చెప్పేసేవాణ్ణి.

బాక్సు గట్టు మీదే ఉంది, మర్చిపోయి కాదు. ఆఫీసుకని నువ్వు కట్టింది ఇంకోచోట కూర్చుని తినడం ఇక నావల్ల కాదు. నాలుగింటికి వచ్చి నీ ముందే తింటాను.