ఇనప వాల్వు వద్దన్నాను

శుక్రవారం రాత్రి, అరకు

నా గుండెలో లీకవుతున్న వాల్వును మార్చక తప్పదని విశాఖ డాక్టరమ్మ తేల్చేసింది. లోహపుదైతే మన్నుతుంది గానీ, బతికినంతకాలం రక్తం పలచబడే మాత్రలు మింగాలి. దెబ్బ తగిలితే రక్తం ఓ పట్టాన ఆగదు. పశువు కణజాలంతో చేసినదైతే ఆ మాత్రలు జీవితాంతం అక్కర్లేదు గానీ, కొన్నేళ్లకు మళ్లీ కోయాలి.

"రెండోదే పెట్టండమ్మా" అన్నాను.

ఘాట్ రోడ్డు మీదుగా మా ఆయన నన్ను ఇంటికి తీసుకొచ్చాడు. ఆయనేంటి, ఇక్కడైనా వాడు అనే రాస్తాను. గుమ్మం దాటగానే జుట్టు పట్టుకుని నా మొహాన్ని గోడకేసి కొట్టాడు.

"ఇనపదయితే ఒక్కపాలితో అయిపోద్దని సెప్పింది కదే! మల్లీ కోయించుకోడానికి నీకేటి సరదా?"

చిట్లిన పెదవికి కొంగు అదిమి కూర్చుంటే, కాసేపటికి రక్తం ఆగింది.

ఆగిందిరా, చూడు. అందుకే ఇనపది వద్దన్నాను.