రాజమ్మ పిడికిలి

3వ తారీకు, సోమవారం
కాలు విరిగినప్పుడు గని ఆస్పత్రిలో సిమెంటు కట్టు వేశారు. విప్పారు. మోకాలు వంచమని ఒక్కడూ చెప్పలేదు. ముప్పై ఏళ్లయింది. కాలు కర్రలా బిగిసే ఉంది. నేల మీద కూర్చుని అన్నం తినలేను... నా ఇంట్లో నేనే చుట్టంలా కుర్చీలో. కట్టు వేసిన ఆ డాక్టరును వదలను, చచ్చినా.

నా పెళ్లాం రాజమ్మకి జావ పట్టాను. పక్షవాతం వచ్చి రెండు నెలలు. కుడి చేయి నేనే కట్టి ఉంచాను — ఆముదపాకు, పైన గుడ్డ. గాలి తగలకూడదు, కదలకూడదు. మా నాయనకీ అట్లాగే చేశారు.

4వ తారీకు
మితానిన్ సోమక్క వచ్చింది, ఊళ్లో ఇంటింటికీ మందులిచ్చే ఆరోగ్య కార్యకర్త. గడప బయటే నిలబడింది. రాజమ్మ పడిపోయిన వారంలోనే, చేయి కదపాలి అంటూ వచ్చింది. మందుల పెట్టె మోసేదానివి, నాకు వైద్యం చెప్తావా అని తరిమాను. మళ్లీ లోపలికి రాలేదు.

ఊరి ఆస్పత్రిలో నర్సులకీ మితానిన్లకీ ట్రైనింగట. జగదల్‌పూర్ నుంచి కసరత్తు నేర్పే మేడం వచ్చిందట. చూపించడానికి వంగని మోకాలు కావాలట.

"నీ అసొంటి మోకాలు ఈ చుట్టుపక్కల ఏడ లేదు మామా. రా."

నవ్వొచ్చింది. వస్తానన్నాను.

5వ తారీకు
బెంచీ మీద పడుకోబెట్టి, ప్లాస్టిక్ కొలబద్దతో మోకాలు కొలిచింది మేడం. కట్టు విప్పిన రోజు నుంచే వంచడం నేర్పి ఉంటే ఇట్లా అయ్యేది కాదట. అందుకే ఇక మందులిచ్చే చోటే, ఊరి ఆస్పత్రిలోనే, కసరత్తు కూడా నేర్పాలట. అందరూ రాసుకున్నారు. నేను ఛాతీ విరిచి కూర్చున్నాను. ఇన్నేళ్లకి ఒకరు ఒప్పుకున్నారు.

తర్వాత పక్షవాతం పాఠం. పడిన చేతిని కట్టకూడదట. మొదటి రోజుల నుంచే మెల్లగా వేళ్లు తెరవాలట. లేకపోతే పిడికిలి బిగిసిపోతుందట.

సోమక్క నా వైపు చూడలేదు. చూసినా బాగుండేది.

6వ తారీకు
కట్టు విప్పాను. వేళ్లు అరచేతిలో నాటుకున్నాయి. గోళ్ల గాట్లు... చూపుడు వేలు ఎత్తబోయాను. రాజమ్మ అరవలేదు. కళ్ల నీళ్లు. మాట ముద్దగా వచ్చింది.

"కట్టినప్పటి సంది నొస్తనే ఉన్నది. నీకు తెల్సు గదా అనుకున్న."

7వ తారీకు
అన్నం సహించలేదు.

8వ తారీకు
సోమక్క ఇంటికి వెళ్లాను. తప్పు నాది అనడానికి నోరు రాలేదు. రమ్మన్నాను, అంతే.

"ఇప్పుడు పిలుస్తున్నవా మామా" — అంది. మేడంని తీసుకుని వచ్చింది. గడప దాటింది.

మేడం ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూసింది. ఎప్పుడు కట్టారని అడిగింది. చెప్పాను. తెరుచుకుంటుందా అన్నాను. "దేఖ్‌తే హై" అంది. చూద్దామట.

9వ తారీకు
వేడినీళ్ల గుడ్డ. తర్వాత ఒక్కో వేలు, పదేసి సార్లు. నేను పట్టుకోగానే రాజమ్మ మొహం తిప్పుకుంటోంది. సోమక్క పట్టుకుంటే తిప్పుకోదు.

10వ తారీకు, సోమవారం
శనివారంతో ట్రైనింగ్ అయిపోతుంది. మేడం బస్సెక్కి వెళ్లిపోతుంది. చూద్దాం అన్న మాట నాకొద్దు. ఆ చేయి తెరుచుకుంటుందా, తెరుచుకోదా — బస్సు కదిలేలోపు చెప్పాలి. తెరుచుకోదంటే, ఎవరి వల్లో కూడా చెప్పాలి. రాజమ్మ ముందే. హిందీలో కాదు, మా మాటలో... సోమక్క మార్చి చెప్తుంది. శనివారం. ఆ తర్వాత జవాబు కోసం ఒక్క పూట కూడా ఆగను.