నీ ఫోన్‌లో నార్వే పాట

అన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఇవాళే తెలంగాణ బంద్ కూడా. బస్సుల్లేక ఎల్బీ నగర్ నుంచి చైతన్యపురి హాస్టల్‌కు నడుస్తూ, నీ ఫోన్‌లో ఆ నార్వే పాట విన్నాను. ఎప్పటివో పాత దేవుళ్ల కోసం ఇప్పటి మనుషులు కట్టిన పాట. అందులో ఒక్క ముక్క అర్థం కాకపోయినా నీకు రోమాలు నిక్కబొడుచుకునేవి. "మాట సమజ్ కాకుంటే ఏంది? మంటకు కాచిన తోలు చప్పుడు నాకు తెల్వదా?" అనేవాడివి. చిన్నప్పటి నుంచీ నాయన డప్పు కాచింది నువ్వే కదా.

కొత్తపేట దగ్గర పోలీసులు ఆపారు. కానిస్టేబుల్ నా ఇయర్‌ఫోన్స్ గుంజి చెవిలో పెట్టుకున్నాడు.

"డప్పు మోగుతుంది. ఉద్యమం పాటనా?"

"కాదు సార్, నార్వే పాట."

"నాకే కతలు చెప్తున్నవా?"

వెనక నుంచి ఎస్సై అరిచాడు. "ఫోన్ తీసుకుని వాణ్ణి వ్యాన్ ఎక్కించవయ్యా."

నీదంటూ నా దగ్గర మిగిలింది ఆ ఫోన్ ఒక్కటే.

కానిస్టేబుల్ కదల్లేదు. కళ్లు నేల మీద పెట్టి పాట చివరిదాకా విన్నాడు. అతని బూటు మెల్లగా దరువు వేస్తోంది.

"ఉద్యమం పాట కాదు సార్," అని ఎస్సైకి చెప్పి, ఫోన్ నా చేతిలో పెట్టాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"శవాల ముంగట మా నాయన గిట్లనే డప్పు కొట్టేటోడు. ఎవరు పోయిన్రు తమ్మీ?"

పాటలో ఎవరు పోయారో నాకు తెలియదు.

"మా అన్న," అన్నాను.